మదనపల్లె మిషను కాగితాలు: ఎవరి కోసం రాశారు?

మదనపల్లె చుట్టుపక్కల పనిచేసిన అమెరికా మిషనరీల గురించి వినిపించే కథల్లో చాలావాటికి మూలం ఒకే మనిషి. ఆయన డాక్టర్ జేకబ్ చాంబర్లిన్. అడవిలో పులులు, గుడారంలోకి వచ్చిన పాము, రాళ్లు పట్టుకుని నిలబడ్డ జనం, చివరికి మెత్తబడ్డ మనసులు, ఇవన్నీ ఆయన ఇంగ్లీషులో రాసి అమెరికాలో అచ్చువేయించినవే. ఆయన ఇక్కడ దాదాపు అర్ధశతాబ్దం బతికారు, 1908 మార్చిలో ఇక్కడే కన్నుమూశారు. కాబట్టి ఆయన సాక్ష్యాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అయితే ఆ పుస్తకాలు మదనపల్లె వాళ్లు చదువుకోడానికి రాసినవి కావు. న్యూయార్కు, న్యూజెర్సీ, మిషిగన్ చర్చీల్లో ఆదివారం కూర్చునే వాళ్లకోసం, చందా పళ్లెంలో డబ్బు వేసే వాళ్లకోసం రాసినవి. మిషనరీకి పొలం ఇక్కడ ఉన్నా విత్తనాల ఖర్చు అక్కడినుంచి రావాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకుని చదివితే ఆ కాగితాల్లో దేన్ని ఎంతవరకు నమ్మవచ్చో కొంత తేలుతుంది.

చాంబర్లిన్ పనిచేసిన ఆర్కాటు మిషను పుట్టింది తమిళ నేల మీద. అమెరికా నుంచి మొదటి వైద్య మిషనరీగా వచ్చిన జాన్ స్కడ్డర్ కొడుకులు హెన్రీ మార్టిన్, విలియం, జోసెఫ్ కలిసి 1853లో దానికి రూపం ఇచ్చారు. రాణిపేట, వేలూరు, ఆరణి వైపు పని తమిళంలో సాగింది. కనుమ ఎక్కి పలమనేరు చేరితే తెలుగు మొదలవుతుంది. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, ఇంకా ఉత్తరానికి పోతే గుర్రంకొండ కోట కింది పల్లెలు. దక్షిణాన కుప్పం దగ్గర తమిళం, కన్నడం, తెలుగు మూడూ కలిసే నేల. పుంగనూరు, కుప్పం వైపు జమీందారుల పాలన, మదనపల్లె, వాయల్పాడు వైపు సర్కారు రైతువారీ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లాలో ఉండేవి. పాత లెక్కలు వెతికేవాళ్లు ఇది మరిచిపోతే తప్పు కాగితాలు తిరగేస్తారు.

ఆర్కాటు మిషనరీలను ప్రెస్బిటీరియన్లనడం సరైనదేనా అని అడిగేవాళ్లున్నారు. పంపిన సంఘం డచ్చి మూలాలున్న రిఫార్మ్డ్ చర్చి. కానీ పాలన పద్ధతి ప్రెస్బిటీరియన్‌దే. బిషప్పు ఉండడు, పెద్దలు, పాస్టర్లు కలిసి కూర్చునే సభలు ఒకదానిపై ఒకటి ఉంటాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆర్కాటు సభ మద్రాసులోని స్కాట్లండు ప్రెస్బిటీరియన్లతో కలిసి దక్షిణ భారత సినడ్‌గా మారింది. 1902లో దానికి మొదటి మోడరేటరు చాంబర్లినే. ఆ కలయికే 1908లో దక్షిణ భారత ఐక్య సంఘానికి, 1947 సెప్టెంబరు 27న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.)కు దారి వేసింది. ఇప్పుడు మదనపల్లె చర్చీలు రాయలసీమ డయోసిస్ కిందికి వస్తాయి. బిషప్పులు లేని పద్ధతిలో మొదలై బిషప్పుల కింద స్థిరపడిన సంఘమిది. తమ అమెరికా చీలికలను ఇక్కడి వాళ్ల నెత్తిన రుద్దకూడదని చాంబర్లిన్ చాలాకాలం వాదించారు. ఆయన అభిప్రాయాల్లో ఈనాటికీ బలంగా నిలబడేది ఇదేనని నాకనిపిస్తుంది.

ఆయన 1835లో కనెక్టికట్ రాష్ట్రంలో పుట్టి, ఒహాయోలో పెరిగారు. న్యూబ్రన్స్‌విక్‌లో వేదాంతం, దాంతోపాటు వైద్యం కూడా చదివి 1860లో మద్రాసు చేరారు. భార్య షార్లెట్ బర్జ్. పలమనేరులో మూడేళ్లుండి 1863లో మదనపల్లెకు మారారు. అదే ఏడాది నిజాం రాజ్యం గుండా మధ్య భారతం వరకు వెళ్లి, గోదావరి మీదుగా తిరిగొచ్చిన 1,200 మైళ్ల ప్రయాణం చేశారు. ఆయన పేరు అమెరికాలో మోగింది ప్రధానంగా ఈ ప్రయాణం వల్లే.

ఈ ప్రయాణ కథ మన పరీక్షకు బాగా పనికొస్తుంది. వానాకాలం, గోదావరి పొంగింది, ఒడ్డున అడవి, పులుల భయం. దారి మూసుకుపోయిన వేళ ప్రార్థన చేస్తే, వరదకు కట్లు తెంచుకుని కొట్టుకొచ్చిన ఓ పడవ దొరికిందట. 'ఇన్ ద టైగర్ జంగిల్' అన్న పుస్తకానికి పేరిచ్చిన కథ ఇదే. పుస్తకం అచ్చయింది 1896లో. అంటే జరిగినదానికీ రాసినదానికీ మధ్య 33 ఏళ్లు. ఈలోపు ఆ కథను అమెరికా వేదికల మీద చాలాసార్లు చెప్పి ఉంటారనుకోవడం సహజం. చెప్పేకొద్దీ కథ నున్నబడుతుంది, మాటలు సమయానికి అందుతాయి, దేవుడి జవాబు సరిగ్గా ఆ నిమిషానికే వస్తుంది. ఆ భాగాన్ని నేను సాక్ష్యంగా తీసుకోను. కానీ పడవ సంగతి వేరు. ఆ సంవత్సరాల్లో ఎగువ గోదావరిని పడవల దారిగా మార్చాలని ప్రభుత్వం దుమ్ముగూడెం ప్రాంతంలో పనులు చేయిస్తోంది. ఆర్థర్ కాటన్ ఆలోచన అది, ఇంజనీరు హేగ్ చేతి మీదుగా నడిచింది, 1871లో మానేశారు. సర్కారు పనుల పడవలు, ఇంజనీర్లు, కూలీలు 1863లో ఆ నది మీద ఉండడం వేరే ఆధారాలతోనూ రుజువయ్యే విషయం. అద్భుతం గురించి పుస్తకం చెప్పినదానికంటే అనుకోకుండా దొర్లిన ఇలాంటి వివరాలే గట్టివి. కథను ఏ మలుపు తిప్పినా రచయితకు వాటిని కల్పించే అవసరం లేదు కదా.

మరో రకం రచనలు చందాల కోసం పుట్టినవి. 1885లో వచ్చిన చిన్న పుస్తకం పేరు 'బ్రేక్ కోకోనట్స్ ఓవర్ ద వీల్స్'. తేరు కదలకుండా నిలబడిపోతే చక్రాల దగ్గర కొబ్బరికాయలు కొట్టి, అందరూ ఒక్కసారి ఊపుగా మోకులు లాగడం మన ఊళ్లలో తెలియనివాళ్లుండరు. చాంబర్లిన్ ఆ దృశ్యాన్ని అమెరికా సంఘానికి పాఠంగా చెప్పారు: మీరూ అందరూ కలిసి లాగండి అని. ఇందులో నాకు ముచ్చటేసే సంగతి ఒకటుంది. విగ్రహారాధనను ఖండించడానికి సముద్రాలు దాటి వచ్చిన మనిషి, తన సొంత చర్చిని మేల్కొలపడానికి మన దేవుడి తేరునే అరువు తెచ్చుకున్నాడు. ఇది సాక్ష్యంగా చెప్పేది మదనపల్లె జాతర గురించి కొంతే, అమెరికా చర్చిల్లో మిషను పట్ల ఉదాసీనత గురించి ఎక్కువ. అంతకుముందు 1879లో మొరాయించే గుర్రం గురించి రాసిన పుస్తకం కూడా ఇచ్చే అలవాటు గురించినదే.

వేమన విషయంలోనూ ఇలాంటి అరువే కనిపిస్తుంది. రాళ్లకు మొక్కడాన్ని, పైపై శుద్ధిని ఎగతాళి చేసే పద్యాలను చాంబర్లిన్ బోధల్లో వాడుకున్నారు, ఇంగ్లీషులో పద్యాలుగా మార్చి అమెరికా పాఠకులకు వినిపించారు. వేమన సమాధి ఉందని చెప్పే కటారుపల్లి కదిరి దగ్గర, మదనపల్లెకు పొరుగే. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను 1829లోనే అచ్చు వేయించి ఉన్నారు. కాబట్టి దొర వేమన పద్యం ఎత్తుకుంటే రచ్చబండ దగ్గర నలుగురు ఆగి విన్నారన్న మాట నమ్మదగ్గదే. అయితే ఆయన ఏరుకున్నది ఒక వేమననే. దేహంలోనే దేవుణ్ణి వెతికే యోగి వేమన ఆ సంచిలో పట్టలేదు.

ఇక కరువు. 1876-78 కరువు ఈ ప్రాంతాన్ని ఎంత కుదిపిందో మిషను పుస్తకాలకంటే జనాభా లెక్కలే సూటిగా చెబుతాయి. మదనపల్లె, గుర్రంకొండ ప్రాంతాలు కలిసున్న నాటి కడప జిల్లాలో 1871లో సుమారు 13.5 లక్షల మంది ఉంటే, 1881 నాటికి 11.2 లక్షలే మిగిలారు. తగ్గినవాళ్లంతా చనిపోయారనడానికి లేదు, వలసలూ ఉన్నాయి. అయినా పదేళ్లలో ఆరింట ఒక వంతు తగ్గడం మామూలు సంగతి కాదు. ఆ కరువు తర్వాతే ఆర్కాటు మిషనులో, ఇతర తెలుగు మిషన్లలో మాల మాదిగ పల్లెలు గుంపులుగా క్రైస్తవంలోకి వచ్చాయి. గంజి కోసం చేరారని ఒకరంటారు, ఆత్మ ప్రేరణ అని ఇంకొకరంటారు. రెండూ బయటివాళ్ల తీర్పులే. పల్లెలో ఒక కుటుంబం కాకుండా పల్లె పల్లెంతా ఒకేసారి నిర్ణయం తీసుకోవడం చూస్తే, ఆకలి తీరడం దగ్గరే లెక్క ఆగలేదనిపిస్తుంది. పలకరించే పాస్టరు, కోర్టు కాగితం చదివి చెప్పే ఉపదేశి, పిల్లలకు బడి కూడా ఆ లెక్కలో ఉండి ఉండాలి. చాంబర్లిన్ మాత్రం 1870ల మధ్యలో ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లారు. 1878లో అక్కడ అచ్చయిన 'ద బైబిల్ టెస్టెడ్ ఇన్ ఇండియా' ఆ కాలపు ఫలమే. అమెరికాలో ఆయన చేసిన ప్రసంగాలు, ఇక్కడ ఖాళీ అయిన పల్లెలు ఒకే కాలానివని గమనించాలి.

బడుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఆర్కాటు మిషను తొలి నియమాల్లో క్రైస్తవేతరులకు బడులు నడపకూడదన్నది ఒకటి. దేశభాషలో ఊరూరా చెప్పడమే పని అనుకున్నారు. గుడారాలు, ఎడ్లబండ్లు, సంత రోజుల తిరుగుళ్లు అందువల్లే అంత విస్తారంగా కాగితాల్లోకి ఎక్కాయి. తర్వాత ఆ పట్టు సడలింది. వేలూరు వూర్హీస్ కాలేజీ, మదనపల్లె హోప్ హైస్కూలు ఆ సడలింపుకు ఫలితాలు.

ఈ కాగితాల్లో అన్నిటికంటే పలచగా ఉండేది తెలుగు మనుషుల జాడ. గోదావరి ప్రయాణంలో దొరతో నడిచిన సహాయకులు లేకపోతే ఒక్క సువార్త ప్రతి కూడా అమ్ముడయ్యేది కాదు. కానీ అమెరికా పాఠకుడికి వాళ్లు చాలాచోట్ల సహాయకులు, ఉపదేశులు, బైబిలు స్త్రీలు అన్న హోదాలే. బైబిలు అనువాదంలోనూ అంతే. 1873 నుంచి 1894 దాకా తెలుగు బైబిలు సవరణ సంఘానికి చాంబర్లిన్ అధ్యక్షులు. విశాఖపట్నం నుంచి లండన్ మిషను జాన్ హే ఆ పనికి ముఖ్యుడు. పేర్లు మనకు వీళ్లవే తెలుసు. అంతకు అరవై ఏళ్ల ముందు, 1812లో శ్రీరాంపూరులో అచ్చయిన తొలి తెలుగు సువార్తల వెనక ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడున్నాడన్న సంగతి లండన్ మిషను కాగితాల్లో స్పష్టంగా ఉంది. తర్వాతి కాలపు పండితుల పేర్లు అలా నిలవకపోవడానికి వాళ్ల పని తక్కువై కాదు. రాసేవాళ్ల కళ్లెదుట ఉన్న పాఠకుడు మారాడు, అంతే.

వైద్యం దగ్గరికి వస్తే ఆధారం స్వభావమే మారిపోతుంది. చాంబర్లిన్ కాలపు ఆసుపత్రి వరండాలో ముందు వాక్యం, తర్వాత మందు. నివేదికలూ అలాగే రాశారు. ఇరవయ్యో శతాబ్దంలో ఆడవాళ్ల కోసం 1911లో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వచ్చింది. కెనడా నుంచి వచ్చిన డాక్టర్ లూయిసా హార్ట్ దానికి ఊపిరి. అమెరికాలో ఈ పనులకు డబ్బు సమకూర్చినది 1875లో ఏర్పడిన ఆడవాళ్ల మిషను బోర్డు. ఇళ్లలో కూర్చుని చిల్లర కూడబెట్టిన ఆడవాళ్లు లేకపోతే మదనపల్లెలో పురుడు పోసుకున్న ఆడవాళ్లకు డాక్టరమ్మ దొరికేది కాదు. పులుల కథలకంటే ఈ లింకు నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది.

క్షయ రోగుల వైద్యం 1912లో మదనపల్లెలోనే చిన్నగా మొదలై, 1915లో ఊరి బయట ఆరోగ్యవరంగా స్థిరపడింది. సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు, పొడి గాలి, అప్పట్లో ఇంతకుమించిన మందు లేదు. పలు మిషన్లు కలిసి నడిపిన ఈ శానిటోరియానికి మొదటి అధిపతి డెన్మార్కు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. 1940లో ఆయన, ఆర్.ఎం. బార్టన్ కలిసి, రక్తంలో ఈసినోఫిల్ కణాలు విపరీతంగా పెరిగి క్షయలా కనిపించే జబ్బు ఒకటుందని ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. ఎక్స్‌రే చూసి క్షయ అని తేల్చేసిన రోగుల్లో కొందరికి అసలు క్షయే లేదన్న మాట. ట్రాపికల్ ఈసినోఫీలియా పరిశోధన చరిత్రలో ఆ వ్యాసం ముందు వరసలో ఉంటుంది. 1948లో దేశంలో బి.సి.జి. టీకాలు వేయడం మొదలుపెట్టిన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. 1950ల నుంచి మోలర్ కొడుకు జోహాన్నెస్ మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ ఎక్స్‌రే తీయించి, టీకా వేసినవాళ్లనూ వేయనివాళ్లనూ ఏళ్ల తరబడి వెంబడించారు. ఆచార్యులు, కేశవ పిళ్లైలతో కలిసి ఆయన రాసిన ఫలితాలు 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చాయి. టీకా వల్ల కొంత రక్షణ కనిపించిందన్నారు. తర్వాత చెంగల్పట్టు దగ్గర జరిగిన మరింత పెద్ద పరీక్షలో ఊపిరితిత్తుల క్షయకు రక్షణ కనిపించలేదు. మిషను కాగితాల్లో ఇలాంటి వాక్యం మొదటిసారి సాధ్యమైంది ఇక్కడే: మేం ఇలా అనుకున్నాం, మరొకరు లెక్కపెట్టి వేరేలా చూశారు. గోదావరి పడవ కథకు ఆ అవకాశం లేదు.

ఆరోగ్యవరం నిలదొక్కుకున్న 1915లోనే, ఇప్పుడు అనీబీసెంట్ పేరుతో ఉన్న దివ్యజ్ఞాన సమాజం కాలేజీ మదనపల్లెలో మొదలైంది. 1919లో టాగూరు జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. ఒకే ఊళ్లో అమెరికా మిషను, దివ్యజ్ఞానులు, డెన్మార్కు వైద్యుడు పక్కపక్కన పనిచేశారు. మిషను కాగితాలొక్కటే చదివితే ఆ ఊరు సువార్త కోసమే ఎదురుచూసిందనిపిస్తుంది.

రిఫార్మ్డ్ చర్చి పాత కాగితాలు న్యూజెర్సీలోని న్యూబ్రన్స్‌విక్‌లో భద్రంగా ఉన్నాయి. అవి చదవడం అవసరమే. కానీ గుర్రంకొండ, పుంగనూరు వైపు పల్లెల చరిత్ర రాయాలంటే పని ఇక్కడి చర్చిల బాప్తిస్మ రిజిస్టర్లతో మొదలుపెట్టాలి. బాప్తిస్మ తేదీలను కరువు నెలల ధాన్యం ధరల పక్కన, పల్లె పేర్లను 1871, 1881 జనాభా లెక్కల పక్కన పెట్టి చూడాలి. రిజిస్టరులో సాక్షి సంతకం ఉన్నచోట ఉపదేశి పేరు దొరుకుతుంది. పుస్తకాలు హోదాతో సరిపెట్టిన మనుషులు అక్కడ పేర్లతో కనిపిస్తారు.