వేల్స్‌లో గృహవసతి, రవాణా, పర్యావరణ విధానము

వేల్స్ యునైటెడ్ కింగ్‌డమ్‌లోని నాలుగు దేశాలలో ఒకటి. 1997 ప్రజాభిప్రాయ సేకరణలో 50.3 శాతం మంది సమ్మతించగా, 1999లో కార్డిఫ్ నగరములో ప్రత్యేక సభ ఏర్పడినది. గృహవసతి, రోడ్లు, పర్యావరణము దీనికి బదిలీ అయిన ముఖ్యాంశములు. 2011 ప్రజాభిప్రాయ సేకరణ తరువాత వీటిపై సొంతంగా చట్టాలు చేయు అధికారము లభించినది. 2020లో ఈ సభకు సెనెద్ అను పేరు వచ్చినది.

గృహవసతి

1980 నాటి బ్రిటిష్ చట్టము ప్రకారం ప్రభుత్వ గృహాలలో అద్దెకున్నవారు వాటిని తగ్గింపు ధరకు కొనవచ్చును. దీనివలన పేదలకు అద్దెకిచ్చు ఇళ్ళు తగ్గిపోవుచున్నవని వేల్స్ 2019 జనవరి 26న ఈ హక్కును రద్దు చేసినది. ఇంగ్లండులో ఇది కొనసాగినది.

పర్యావరణము

2011 అక్టోబరు 1న దుకాణాలలో ఇచ్చు సంచులపై 5 పెన్నీల రుసుము విధించి, యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఈ పని చేసిన మొదటి దేశమైనది. భావి తరాల అవసరాలను ప్రభుత్వ సంస్థలు దృష్టిలో ఉంచుకొనవలెనని 2015లో చట్టము చేసినది.

రవాణా

న్యూపోర్ట్ వద్ద ఎం4 రహదారి రద్దీని తగ్గించుటకు కొత్త రహదారి ప్రతిపాదించబడినది. బహిరంగ విచారణ నివేదిక అనుకూలముగా ఉన్నప్పటికీ, ఖర్చును, గ్వెంట్ లెవెల్స్ చిత్తడి నేలలకు కలిగే నష్టమును కారణములుగా చూపి ప్రథమ మంత్రి మార్క్ డ్రేక్‌ఫర్డ్ 2019 జూన్‌లో దానిని తిరస్కరించాడు. రద్దీ సమస్య మాత్రం మిగిలిపోయినది.

2023 సెప్టెంబరు 17న జనావాసాల మధ్య రోడ్లపై సాధారణ వేగ పరిమితి గంటకు 30 మైళ్ళ నుండి 20 మైళ్ళకు తగ్గించబడినది. దీనిని వ్యతిరేకించిన విజ్ఞాపనపై 4 లక్షలకు పైగా సంతకాలు వచ్చినవి. 2024లో కొన్ని రోడ్లపై పాత పరిమితిని తిరిగి అమలు చేయుటకు స్థానిక సంస్థలకు మార్గదర్శకాలు ఇవ్వబడినవి.

పరిమితులు

వేల్స్ ప్రభుత్వ ఆదాయములో అధిక భాగము లండన్‌లోని బ్రిటిష్ ప్రభుత్వమిచ్చు నిధులే. అందువలన చట్టము చేయు అధికారమున్నచోట కూడా దాని అమలు ఆ నిధులపై ఆధారపడి యుండును.