వార్డెను సంతకం: ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ సూది చరిత్ర

వేలిముద్రకు మన పల్లెల్లో పాత చరిత్ర వుంది. షావుకారి ప్రోనోటు మీద, జీతగాడి కాయితం మీద, అడవి కంట్రాక్టరు కూలి లెక్కల మీద పడ్డ వేలిముద్రలు ఎవరి చేతిలోంచి ఏం లాక్కుపోయాయో యీ పత్రిక చదివేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అదే వేలిముద్ర 2009లో అంతర్జాతీయ ఆరోగ్య పరిశోధన కాయితాల మీద పడింది. పడింది భద్రాచలం అడవి అంచున. ఆ కథను డాక్టర్లు వొక తీరుగా, పేపర్ల వాళ్ళు వొక తీరుగా రాసుకున్నారు. హాస్టలు పిల్లల వైపు నుంచి రాయాల్సింది మిగిలే వుంది.

గర్భాశయ ముఖద్వార కేన్సరు తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌ను అడ్డుకునే టీకాను పేద దేశాల ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలోకి ఎట్లా చేర్చాలి? యీ ప్రశ్నతో అమెరికాలోని సియాటిల్ కేంద్రంగా పనిచేసే పాత్ సంస్థ, గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో ఇండియా, పెరూ, ఉగాండా, వియత్నాంలను ఎంచుకుంది. భారత వైద్య పరిశోధన మండలి 2007 ఫిబ్రవరిలోనే పాత్‌తో వొప్పందం రాసుకుంది. ఆ టీకాలకు మన దేశంలో అనుమతి వచ్చింది మాత్రం 2008లో. అంటే ముందు పెళ్ళి భోజనాలు, తర్వాత పెళ్ళిచూపులు.

2009 జులైలో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పని మొదలైంది. పదేళ్ళ నుంచి పధ్నాలుగేళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి మెర్క్ కంపెనీ గార్డసిల్ సూదులు వేయటం మొదలుపెట్టారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో గ్లాక్సో కంపెనీ సెర్వారిక్స్ వేశారు. టీకాలు కంపెనీలు వుచితంగా ఇచ్చినవి. వేసింది ప్రభుత్వ సిబ్బంది. కార్డుల మీద జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ గుర్తు. యింక అది పరిశోధన అని ఏ తల్లి అనుకుంటుంది? పోలియో చుక్కల లాంటిదే, సర్కారు సూదే అనుకున్నారు.

హాస్టలు సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. మాలో చాలామందిమి హాస్టలు అన్నం తినే యూనివర్సిటీ గుమ్మం తొక్కినవాళ్ళం. సాంఘిక సంక్షేమ హాస్టలు, గిరిజన ఆశ్రమ పాఠశాల ఎవరూ దయతో పెట్టినవి కావు, మన హక్కు. కానీ లోపల వార్డెను మాటే చట్టం. సారు లైన్లో నిలబడమంటే నిలబడటమే. అమ్మా నాయినా ఎక్కడో కోయగూడెంలోనో, మిరప తోటల కూలిలోనో వుంటారు. వాళ్ళను అడిగే తీరిక లేక ఆ సంతకం వార్డెనుకూ హెడ్మాస్టరుకూ వొదిలారు. రాష్ట్రంలో తీసి చూసిన 9,543 వొప్పుకోలు పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయనీ, 2,763 మీద హాస్టలు వార్డెన్లో హెడ్మాస్టర్లో సంతకాలు పెట్టారనీ పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదికలో రాసింది. వేలిముద్ర వేసిన వాళ్ళకు ఆ కాయితంలో ఏముందో చదివి వినిపించిందెవరు?

2010 మార్చిలో సమా అనే మహిళా ఆరోగ్య బృందం భద్రాచలం వచ్చి పిల్లలతో మాట్లాడింది. ఏప్రిల్‌లో కేంద్రం పని ఆపించింది. అప్పటికే రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు ఆడపిల్లలు చనిపోయి వున్నారు, అందులో అయిదుగురు మనవైపు వాళ్ళు. టీకాకూ చావులకూ సంబంధం కనిపించటం లేదని కేంద్ర విచారణ సంఘం 2011లో తేల్చింది. సూది వల్లే చనిపోయారని మేమూ అనం, దానికి ఆధారం లేదు. అయితే ఆ సంఘం రాసిన కారణాలు చూడండి: పాము కాటు, మలేరియా, పురుగుల మందు, క్వారీ నీళ్ళలో మునక. మన్యం పిల్లల్ని చంపేవి యివి. వీటికి ఏ సియాటిల్ నుంచీ వొప్పందం రాలేదు. ఆసుపత్రిలో పాము మందు దొరకని చోటుకు ఐసుపెట్టెలో ఖరీదైన టీకా వచ్చింది!

అట్లాగని ఆ కేన్సరు మనది కాదనటం కూడా తప్పే. అది దేశంలో ఏటా 70,000 మందికి పైగా ఆడవాళ్ళను చంపుతున్నది. పరీక్ష చేయించుకోలేని కూలి ఆడవాళ్ళే అందులో ఎక్కువ. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ళు యీ వైరస్ మీదే మేడ్చల్‌లో స్థానిక సంస్థతో కలిసి పనిచేశారు. అదే హాప్కిన్స్ ఆసుపత్రిలో 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి పొగాకు రైతుకూలీ యిదే కేన్సరుతో చనిపోయింది. ఆమెను అడగకుండానే ఆమె కణాలు తీసి ప్రపంచమంతా పెంచారు. గార్డసిల్ అడ్డుకునే రకాల్లో వొకటైన హెచ్‌పీవీ 18 తర్వాతి కాలంలో ఆ కణాల్లోనూ దొరికింది. అడగకపోవటం మన జిల్లాతో మొదలైంది కాదు.

తర్వాత జరిగింది మరీ చిత్రం. ఖమ్మం గొడవ వల్ల 2010లో ప్రభుత్వం వేరొక పరిశోధనలోనూ సూదులు ఆపించింది. అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ వాళ్ళు మన దేశంలో రెండు డోసులు చాలా, మూడు కావాలా అని చూస్తున్న పని అది. మధ్యలో ఆగటంతో దాదాపు 5,000 మంది ఆడపిల్లలకు వొక్క డోసే పడింది. వాళ్ళను ఏళ్ళ తరబడి గమనిస్తే వొక్కటి కూడా బాగా పనిచేస్తున్నట్టు తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వొక్క డోసుకు వొప్పుకోవటానికి యీ లెక్కలూ సాయపడ్డాయి. ఖమ్మం తల్లులు పెట్టిన గోలకు లోకమంతటా సూదుల ఖర్చు తగ్గింది. ఆ మాట ఏ సమావేశంలోనూ ఎవరూ వాళ్ళకు చెప్పరు.

2009లో లైన్లో నిలబడ్డ ఆ పిల్లలకు యిప్పుడు ముప్ఫై దగ్గరపడింది. ప్రభుత్వ లెక్కల్లో గర్భాశయ ముఖద్వార పరీక్ష మొదలు కావాల్సిన వయసు ముప్ఫయ్యే. సూది పడ్డవాళ్ళకూ ఆ పరీక్ష కావాలి. ఆ మూడు మండలాలు యిప్పుడు రెండు జిల్లాల్లో వున్నాయి, పేర్లు మాత్రం పాత రిజిస్టర్లలో వుంటాయి. వాటిని తీసి, గూడెం గూడెం తిరిగి, ఆ ఆడబిడ్డల్ని పేరుపెట్టి పిలిచి పరీక్షకు తీసుకొచ్చే పని ఏ యూనివర్సిటీ భాగస్వామ్యంలో వుందో చూపించమని అడుగుతున్నాం.