తలాంతుల ఉపమానము

తలాంతుల ఉపమానము యేసుక్రీస్తు చెప్పిన ఉపమానాలలో ఒకటి. ఇది బైబిలు క్రొత్త నిబంధనలోని మత్తయి సువార్త 25వ అధ్యాయము 14 నుండి 30 వరకు గల వచనాలలో ఉన్నది. దేవుడిచ్చిన సామర్థ్యాలను నమ్మకముగా వినియోగించాలన్న క్రైస్తవ బోధకు ఇది ప్రధానమైన ఆధారము. లూకా సువార్త 19వ అధ్యాయములోని మినాల ఉపమానము దీనిని పోలి ఉంటుంది.

కథ

ఒక యజమాని దూరదేశానికి వెళ్తూ తన ఆస్తిని ముగ్గురు దాసులకు అప్పగిస్తాడు. ఎవరి సామర్థ్యాన్ని బట్టి వారికి ఐదు, రెండు, ఒక తలాంతు ఇస్తాడు. మొదటి ఇద్దరు వ్యాపారము చేసి సొమ్మును రెట్టింపు చేస్తారు. మూడవవాడు యజమాని కఠినుడని భయపడి తన తలాంతును భూమిలో పాతిపెడతాడు. చాలాకాలానికి యజమాని తిరిగివచ్చి లెక్క అడుగుతాడు. ఐదు సంపాదించినవానిని, రెండు సంపాదించినవానిని ఒకే విధముగా మెచ్చుకొంటాడు. మూడవవాని తలాంతు తీసివేయబడి పది తలాంతులు గలవానికి ఇవ్వబడుతుంది.

పదము

తలాంతు అనేది ప్రాచీన కాలపు తూకము. ద్రవ్యముగా ఒక తలాంతు ఆరువేల దేనారములకు సమానము. ఒక దేనారము కూలివాని ఒకరోజు వేతనము. ఆ లెక్కన ఒక్క తలాంతు సుమారు ఇరవై ఏళ్ళ కూలి అవుతుంది. కనుక మూడవ దాసునికి దక్కినది కూడా చిన్న మొత్తమేమీ కాదు. ఆంగ్లములో ప్రతిభ అనే అర్థములో వాడే 'టాలెంట్' అనే మాటకు మూలము ఈ ఉపమానమే. తెలుగు క్రైస్తవుల వాడుకలో కూడా తలాంతు అంటే పాట, బోధ, చేతిపని వంటి నేర్పు అని అర్థము.

వ్యాఖ్యానము

ఈ కథ పదిమంది కన్యకల ఉపమానము తరువాత, గొర్రెలు మేకల తీర్పు వర్ణనకు ముందు వస్తుంది. ఆ తీర్పులో ఆకలిగొన్నవారికి, రోగులకు, చెరసాలలో ఉన్నవారికి చేసిన సేవయే కొలమానము. కావున తలాంతు సొంత కీర్తి కొరకు కాదని, ఇతరుల మేలు కొరకని వ్యాఖ్యాతలు చెబుతారు. పౌలు రోమీయులకు, కొరింథీయులకు వ్రాసిన పత్రికలలోని కృపావరముల బోధ కూడా ఇదే భావాన్ని విస్తరిస్తుంది. పేతురు మొదటి పత్రిక విశ్వాసిని దేవుని కృపకు గృహనిర్వాహకునిగా పేర్కొంటుంది. నిర్వాహకుడు సొమ్ముకు యజమాని కాడు, లెక్క చెప్పవలసినవాడు.

యూదుల ధర్మశాస్త్ర సంప్రదాయములో సొమ్మును పాతిపెట్టడము సురక్షితమైన పద్ధతిగానే భావింపబడినది. మూడవవాడు దొంగిలించలేదు, దుబారా చేయలేదు. భయముతో ఏమీ చేయకపోవడమే అతని దోషము.

దీనికి భిన్నమైన అభిప్రాయము కూడా ఉన్నది. రిచర్డ్ రోర్‌బా 1993లో ప్రచురించిన వ్యాసములో, నాటి పేద రైతుల దృష్టిలో మూడవ దాసుడే గౌరవనీయుడని వాదించాడు. ఒకరి లాభము మరొకరి నష్టమని నమ్మే సమాజములో ధనము రెట్టింపు కావడము దోపిడీగా కనిపిస్తుందని ఆయన వాదన.

తెలుగునాట ఉదాహరణలు

పల్నాడు ప్రాంతములో ఈ బోధకు చెప్పుకోదగిన ఉదాహరణ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ (1793–1873). జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈ లూథరన్ మిషనరీ 1842లో గుంటూరు వచ్చాడు. మధ్యలో స్వదేశానికి వెళ్ళి, యాభై ఏళ్ళు దాటిన వయసులో బాల్టిమోర్‌లో వైద్యవిద్య అభ్యసించి తిరిగివచ్చాడు. 1849లో గురజాల కేంద్రముగా పని ప్రారంభించాడు. నాగార్జునసాగర్ జలాలు, విజయపురి సౌత్ వంటి పట్టణాలు లేని ఆనాటి పల్నాడు మెట్టసీమ. రాజమండ్రి మిషన్‌ను వేరొక సంస్థకు అప్పగించే ప్రతిపాదన వచ్చినపుడు దానిని వ్యతిరేకించి, 1869లో డెబ్బై ఆరేళ్ళ వయసులో మరల భారతదేశానికి వచ్చాడు.

అన్నా సారా కుగ్లర్ (1856–1930) వైద్యురాలు. 1883లో గుంటూరు వచ్చినపుడు మిషన్ ఆమెను వైద్యానికి కాక స్త్రీలలో బోధనకు నియమించినది. అయినా ఆమె తన విద్యను పాతిపెట్టక రోగులకు చికిత్స చేస్తూ వచ్చింది. 1885లో వైద్య మిషనరీగా నియామకము లభించినది. ఆమె కృషితో గుంటూరులో 1898లో ఆసుపత్రి ప్రారంభమైనది.

పురుషోత్తమ చౌదరి (1803–1890) తన సంగీత, కవితా పాండిత్యాన్ని క్రైస్తవ కీర్తనల రచనకు వినియోగించాడు. ఆయన కీర్తనలు నేటికీ తెలుగు సంఘాలలో పాడబడుతున్నవి. వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱం జాషువా కులవివక్షను ఎదుర్కొంటూనే కావ్యరచన సాగించాడు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

సాహిత్యములో

ఆంగ్లకవి జాన్ మిల్టన్ తన అంధత్వము గురించి వ్రాసిన సానెట్‌లో ఈ ఉపమానాన్ని ప్రస్తావించాడు. చూపు పోయినవాడు తన తలాంతుకు ఏమని లెక్క చెప్పాలన్నది అందులోని ప్రశ్న. ఓర్పుతో వేచియుండడము కూడా సేవయేనన్నది ఆ కవి చేరుకొన్న సమాధానము.