తూనికరాళ్ళ మీద సామెతలు

క్యాలెండర్ల మీద, గోడల మీద ‘ఇది ఆఫ్రికా సామెత’ అని రాసి ఉండడం చాలామంది చూసే ఉంటారు. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి, వెయ్యికి పైగా భాషలున్నాయి. ‘ఆసియా సామెత’ అని ఎవరైనా అంటే మనం వెంటనే ‘ఏ భాషది?’ అని అడుగుతాం కదా! అందుకే నేను ఒక్క జాతివాళ్ళ సామెతల గురించే రాస్తున్నాను. వాళ్ళు అకాన్ ప్రజలు. పశ్చిమ ఆఫ్రికాలోని ఘానాలోను, పక్కనున్న ఐవరీ కోస్ట్‌లోను ఉంటారు. వాళ్ళు మాట్లాడే భాషల్లో ట్వి ముఖ్యమైనది.

అకాన్ నేల బంగారానికి పేరు. అందుకే ఐరోపావాళ్ళు ఆ తీరాన్ని గోల్డ్ కోస్ట్ అన్నారు. అక్కడి సంతల్లో బంగారు పొడే డబ్బుగా చెల్లేది. పొడిని తూచాలంటే త్రాసు, తూనికరాళ్ళు కావాలి. సుమారు 1400 నుంచి 1900 వరకు అకాన్ పనివాళ్ళు ఇత్తడితో చిన్న చిన్న తూనికరాళ్ళు పోతపోశారు. ముందు మైనంతో బొమ్మ చేస్తారు. దాని చుట్టూ మట్టి పూసి కాలిస్తే మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. మేముండే తమిళనాడులో స్వామిమలై శిల్పులు విగ్రహాలు పోతపోసే పద్ధతీ ఇలాంటిదే.

ఆ తూనికరాళ్ళలో పక్షులు, చేపలు, మొసళ్ళు, మనుషులు ఉంటారు. చాలా బొమ్మల వెనక ఒక సామెత ఉంటుంది. ఒక బొమ్మలో రెండు మొసళ్ళు ఒకదానికొకటి అడ్డంగా అతుక్కుని ఉంటాయి. తలలు రెండు, కడుపు మాత్రం ఒకటే. ఎవరు తిన్నా చేరేది ఆ ఒక్క కడుపుకే. అయినా తిండి కోసం కొట్టుకుంటాయట! ఇది చదవగానే నాకు పంచతంత్రంలోని రెండు తలల పక్షి కథ గుర్తొచ్చింది. సంతలో బంగారం తూచుకునే ఇద్దరి మధ్య ఇలాంటి బొమ్మ ఉండేదంటే, బేరంతో పాటు బుద్ధి కూడా చేతికి అందేదన్నమాట.

కొలువులో కూడా సామెతకు పెద్దపీటే. అకాన్ రాజు సభలో మాటలన్నీ ‘ఒక్యామే’ అనే ప్రతినిధి ద్వారా సాగుతాయి. అతని చేతికర్ర కొసన బంగారు రేకు తొడిగిన బొమ్మ ఉంటుంది. వాటిలో ఒకటి గుడ్డును పట్టుకున్న చెయ్యి. అధికారం గుడ్డులాంటిది, గట్టిగా నొక్కితే పగులుతుంది, వదులుగా పట్టుకుంటే జారిపోతుంది అని దాని అర్థం. పాలించేవాడి కళ్ళెదుటే ఆ హెచ్చరిక ఉండేది.

అకాన్‌లలో అసాంతే రాజ్యం చాలా బలమైనది. దాని రాజధాని కుమాసి. 1874లో బ్రిటిష్ సైన్యం కుమాసిని తగలబెట్టి, రాజు బంగారు వస్తువుల్ని దోచుకుపోయింది. వాటిలో కొన్ని లండన్ మ్యూజియాలకు చేరాయి. 150 ఏళ్ళ తర్వాత, 2024లో, రెండు లండన్ మ్యూజియాలు 32 వస్తువుల్ని ఘానాకు పంపాయి. ఎలా పంపాయో తెలుసా? కొన్నేళ్ళకు అప్పుగా! ఎవరి వస్తువు ఎవరికి అప్పు? ఇది చదివినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది.

కానీ సామెతల్ని అలా ఎత్తుకుపోవడం కుదరలేదు. కుమాసి కాలిన ఐదేళ్ళకు, 1879లో, క్రిస్టాలర్ అనే మిషనరీ 3,600 ట్వి సామెతల్ని అచ్చు వేయించాడు. మన తెలుగు సామెతల్ని కూడా కార్ అనే ఆంగ్ల సైనికాధికారి 1868లో మద్రాసులో పుస్తకంగా తెచ్చాడు. రెండు చోట్లా పుస్తకం కంటే ముందే సామెత జనం నోళ్ళలో ఉంది. తూనికరాళ్ళ వాడకం పోయినా ఘానాలో ఆ సామెతలు బట్టల మీద అచ్చుల్లో, మాటల్లో ఇప్పటికీ ఉన్నాయి.

వాటిలో నాకు బాగా నచ్చింది ‘సాంకోఫా’. కాళ్ళు ముందుకు, తల వెనక్కి ఉన్న పక్షి దాని గుర్తు. మరిచిపోయిన దాని కోసం వెనక్కి వెళ్ళి తెచ్చుకోవడం తప్పు కాదని దాని భావం. అలాగని పాతదంతా మంచిదని కాదు. అసాంతే రాజ్యం యుద్ధాల్లో పట్టుకున్న మనుషుల్ని బానిసలుగా అమ్మింది కూడా. వెనక్కి వెళ్ళినవాళ్ళు ఏది తెచ్చుకోవాలో, ఏది వదిలెయ్యాలో చూసుకోవాలి.

‘సామెత లేని మాట ఆమెత లేని ఇల్లు’ అని మనవాళ్ళు అంటారు. మా అవ్వ నోట పూటకో సామెత వస్తుంది. మా ఈడువాళ్ళం మాత్రం అంగట్లో తమిళం, ఫోన్‌లో ఇంగ్లీషు మాట్లాడుకుంటూ సామెతల్ని పరీక్ష పేపర్లోనే రాస్తున్నాం. పెద్దలకు నాదొక మనవి. మమ్మల్ని తిట్టేటప్పుడైనా సరే, ఒక సామెత వేసి తిట్టండి. అర్థం కాకపోతే అడిగి తెలుసుకుంటాం.