ఒక ఖాళీ సాకెట్టు, ఒక స్విచ్చి

ఇంజనీరింగ్‌లో ఎలక్ట్రానిక్సో కంప్యూటర్సో చదివిన మనవాళ్ళలో 8085 కిట్టు ముందు కూర్చోనివాళ్ళు తక్కువ. ఎర్రగా వెలిగే అంకెలు, రెండు సంఖ్యలు కూడే ప్రోగ్రాము, రికార్డు మీద సంతకం. అంతటితో ఆ చిప్పు రుణం తీరిపోయిందనుకుంటాం. అదే చిప్పు పెట్టిన ఒక పాత పోర్టబుల్ కంప్యూటరుని నలభై ఏళ్ళు దాటినా జనం ఇంకా సోల్డరింగ్ చేసి మరీ వాడుకుంటున్నారంటే నమ్ముతారా? దాని కథే ఈ టపా.

1983లో అమెరికాలో రేడియోషాక్ దుకాణాలు టీఆర్ఎస్-80 మోడల్ 100 అనే కంప్యూటరుని అమ్మడం మొదలుపెట్టాయి. తయారీ జపాన్ కంపెనీ క్యోసెరాది. కాస్త అటూ ఇటూ మార్చి ఇదే యంత్రాన్ని ఎన్ఈసీ పీసీ-8201ఏ అనీ, ఒలివెట్టి ఎం10 అనీ వేరే పేర్లతోనూ అమ్మారు. లోపలి సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్‌ది. బిల్ గేట్స్ స్వయంగా కూర్చుని కోడు రాసిన చివరి యంత్రాల్లో ఇదొకటి. తెర మీద 8 వరుసలు, వరుసకి 40 అక్షరాలు. నాలుగు పెన్సిల్ సెల్లులు వేస్తే దాదాపు 20 గంటలు నడిచేది. మోడెం కూడా లోపలే ఉండటంతో విలేకరులు దీన్ని వదల్లేదు. ఎక్కడున్నా వార్త టైపు చేసి ఫోను లైను మీద పంపించేసేవారు.

ఇప్పుడు లోపలి లెక్క చూద్దాం. 8085కి అడ్రసు లైన్లు 16, అంటే చూడగలిగింది మొత్తం 64 కేబీ. ఇందులో కింది 32 కేబీ రోమ్‌కీ, పై 32 కేబీ ర్యామ్‌కీ ఇచ్చేశారు. అంగుళం ఖాళీ లేదు. మరి కొత్త ప్రోగ్రాము ఎక్కడ పెట్టాలి? డిజైన్ చేసినవాళ్ళు యంత్రం అడుగున చిన్న మూత పెట్టి, దాని కింద ఒక సాకెట్టు ఖాళీగా వదిలారు. పేరు ఆప్షన్ రోమ్. పోర్టు 232లో ఒక బిట్టు మారిస్తే అసలు రోమ్ పక్కకి తప్పుకుని, దాని అడ్రసుల్లోకే ఈ రెండో రోమ్ వచ్చి కూర్చుంటుంది.

మా రుద్రవరం వైపు మడవ తిప్పడం చూసినవాళ్ళకి ఇది చిటికెలో అర్థమవుతుంది. కాలువ ఒకటే, మళ్ళు రెండు. ఇటు మట్టి వేసి అటు తెరిస్తే నీళ్ళు అటు పోతాయి. కాకపోతే ఇక్కడో చిక్కుంది. మడవ తిప్పే ఇన్‌స్ట్రక్షనే కింది రోమ్‌లో ఉంటే కూర్చున్న కొమ్మని నరుక్కున్నట్టే. మరుక్షణం ప్రాసెసరు చదివేది వేరే రోమ్‌లోని బైటుని. అందుకని ఆ నాలుగు ఇన్‌స్ట్రక్షన్లని ర్యామ్‌లోంచి నడపాలి, లేదా రెండు రోముల్లోనూ అదే అడ్రసులో పెట్టుకోవాలి. ఇంటరప్టు వెక్టర్లు కూడా రెండిట్లోనూ ఉండాల్సిందే.

ట్రావెలింగ్ సాఫ్ట్‌వేర్, పోర్టబుల్ కంప్యూటర్ సపోర్ట్ గ్రూప్ లాంటి కంపెనీలు ఈ సాకెట్టు కోసం రోములు అమ్మాయి. ఒకటి స్ప్రెడ్‌షీటుకి, ఇంకోటి ఫ్లాపీ డ్రైవుకి. సాకెట్టేమో ఒక్కటే! మార్చాలంటే ప్రతిసారీ మూత తీసి చిప్పు పీకాలి. పైగా రాసుకున్న ఫైళ్ళన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి. తేడా వచ్చి యంత్రం మొదటికొస్తే వారం రోజుల రాత గోవిందా.

దీనికి ఔత్సాహికులు కనిపెట్టిన విరుగుడు భలే సులువైనది. 27సి256 అనే ఈప్రోమ్ 32 కేబీ, దాని అన్న 27సి512 అయితే 64 కేబీ. రెండిటికీ కాళ్ళు 28. పెద్దదాంట్లో ఒకటో నంబరు కాలు పై అడ్రసు లైను. ఆ కాలికి ఒక రెసిస్టరు, ఒక స్విచ్చి తగిలిస్తే ఒకే చిప్పులో రెండు రోములు. స్విచ్చి ఇటు వేస్తే ఒకటి, అటు వేస్తే ఇంకోటి. ఇంకా పెద్ద చిప్పు, రెండు స్విచ్చిలు పెడితే నాలుగు. మోడల్ 100 సాకెట్టులో కాళ్ళ వరస మామూలు ఈప్రోమ్‌లా ఉండదు కాబట్టి మధ్యలో తీగలు అటూ ఇటూ మార్చే చిన్న బోర్డు ఒకటి కావాలి, అంతే. యంత్రం ఆఫ్ చేయకుండా మాత్రం స్విచ్చి ముట్టుకోకూడదు.

అన్నట్టు, ఈ ఈప్రోమ్ చెరపడానికి అల్ట్రావయొలెట్ దీపం కింద 15-20 నిమిషాలు పెట్టాలి. నేరుగా ఎండలో పెడితే సుమారు వారం అని డేటాషీట్లు చెబుతాయి. ఆ రాసినవాళ్ళు మా ఊరి మే నెల ఎండ చూసి ఉండరు! చిప్పు మీది గాజు కిటికీకి స్టిక్కరు వేసేది అందుకే. 2000ల చివర్లో రెక్స్ అనే బోర్డు వచ్చింది. ఫ్లాష్ చిప్పు, పక్కన ఒక సీపీఎల్‌డీ. దాంతో స్విచ్చి కూడా పోయి, రోమ్‌ని మెనూలోంచే ఎంచుకునే వీలొచ్చింది.

మనకీ ఇలాంటి చరిత్ర ఒకటుంది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలైన పనిని 1988లో ఏర్పడ్డ పుణె సీ-డాక్ జిస్ట్ కార్డుగా తీర్చిదిద్దింది. అది పీసీలో ఖాళీ స్లాటులో గుచ్చితే, ఇంగ్లీషు తప్ప తెలియని డాస్ తెర మీద తెలుగు కనబడేది. ఆ తర్వాత యూనికోడ్ వచ్చి కార్డు అవసరం తీరిపోయిందనుకోండి. కానీ ఆ రోజున పీసీలో ఖాళీ స్లాటు లేకపోతే తెలుగు ఎక్కడ కూర్చునేది?

నేను చెప్పొచ్చేదేమిటంటే, మోడల్ 100 ఇన్నేళ్ళు బతికింది గొప్ప చిప్పు వల్ల కాదు. తయారుచేసినవాడు ఒక సాకెట్టు ఖాళీగా వదిలాడు, దాని సంగతులు మాన్యువల్లో రాసి అందరికీ అమ్మాడు. మిగతాది కొన్నవాళ్ళు చూసుకున్నారు. ఈనాటి పల్చటి లాప్‌టాపులు చాలావాటిలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తున్నారు. కంపెనీ చాలించిన రోజున మనమూ చాలించాల్సిందే.

మన కాలేజీ ల్యాబుల్లో పాత 8085 కిట్లు తుక్కు కింద పోతున్నాయి. వాటిలో ఉన్నదీ ఇదే ప్రాసెసరు, ఇవే ఈప్రోములు. కూడికల ప్రోగ్రాము బదులు పిల్లల చేతికి ఒక పెద్ద ఈప్రోమూ, ఒక స్విచ్చీ ఇచ్చి, రెండు మానిటర్ ప్రోగ్రాములు ఒకే చిప్పులో నడపమనండి. కొన్న యంత్రం తనదే అనే నమ్మకం మొదట అక్కడే కలగాలి.