అభ్యర్థన నుంచి సంకేతం దాకా: సవర లిపి యూనికోడ్ ప్రస్థానం

సాఫ్ట్‌వేర్ సంస్థలకు కొత్త సౌకర్యాలు కావాలంటూ వినియోగదారుల నుంచి నిత్యం అభ్యర్థనలు అందుతూ ఉంటాయి. వాటిలో వేటిని స్వీకరించాలో, ఏ సంచికలో చేర్చాలో తెలిపే ప్రణాళికను ఆ రంగంలో రోడ్‌మ్యాప్ అంటారు. ఒక భాషను దాని సొంత లిపిలో కంప్యూటరుపై రాయగలగడం కూడా అటువంటి ఒక రోడ్‌మ్యాప్ మీద ఆధారపడిన విషయమే. పలాస, మందస, మెళియాపుట్టి మండలాల కొండ గూడేల నుంచి ఒడిశాలోని గుణుపురం వైపు వ్యాపించిన సవర భాష చరిత్రలో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది.

ఉద్దానానికి దక్షిణాన ఉన్న నౌపడా నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు మార్గం ఏర్పడింది. 1931 నాటికి అది గుణుపురం చేరింది. సవర లిపి చరిత్ర దాదాపుగా ఈ మార్గం వెంటే నడిచింది. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు వెంకట రామమూర్తి సవరలతో కలిసిమెలిసి వారి భాష నేర్చుకొని, తెలుగు లిపిలో సవర వాచకాలు సిద్ధం చేశారు. 1931లో వెలువడిన ఆయన సవర భాషా బోధిని, 1938 నాటి నిఘంటువు మాత్రం ధ్వనిశాస్త్ర సంకేత లిపిలో ఉన్నాయి. తెలుగు లిపిలో విడిగా చూపడానికి వీలులేని సవర ధ్వనులను గుర్తించడానికి ఆ లిపి అవసరమైంది. శాస్త్రదృష్టితో చూస్తే ఆ ఎంపికను తప్పుపట్టలేము. అయితే ఆ లిపి పండితుల కోసం పుట్టినది.

1936 ఈ చరిత్రలో రెండు విధాల ముఖ్యమైన సంవత్సరం. ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. దానికి నిరసనగా గిడుగు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. జూన్ 18న మంగేయి గొమాంగో తనకు దర్శనమైన 24 అక్షరాలను సొరాంగ్ సోంపెంగ్ పేరుతో సవరలకు అందించారు. దీనిని మతసంబంధమైన ఘటనగా మాత్రమే చెప్పడం పరిపాటి. కాని ఆ లిపిని భాషావేత్తలు, మిషనరీలు వాడిన ధ్వనిలిపికీ, చుట్టుపక్కలవారు వాడే తెలుగు, ఒడియా లిపులకూ మెరుగైన ప్రత్యామ్నాయంగానే ప్రతిపాదించారు. అంటే వాడవలసినవారు అప్పటి పనిముట్లను పరిశీలించి తమ తీర్పు చెప్పారన్నమాట.

ఆ తీర్పు కంప్యూటరు దాకా చేరడానికి చాలా కాలం పట్టింది. ప్రపంచ లిపులన్నింటికీ ఉమ్మడి సంకేతాలు నిర్ణయించే యూనికోడ్ కన్సార్టియం 1991 జనవరిలో ఏర్పడింది. ఆపిల్, మైక్రోసాఫ్ట్ వంటి సంస్థలు అందులో సభ్యులు. అదే ఏడాది అక్టోబరులో వెలువడిన తొలి సంచికలోనే తెలుగు ఉంది. భారత ప్రభుత్వ ప్రమాణమైన ఇస్కీ అప్పటికే సిద్ధంగా ఉండడం వల్ల తెలుగువారు దానికోసం ప్రత్యేకంగా అడగవలసిన అవసరం రాలేదు. సవర లిపికి అటువంటి అండ లేదు.

యూనికోడ్ తన రోడ్‌మ్యాప్‌ను బహిరంగంగా ప్రకటిస్తుంది. ప్రచురితమైన లిపులు అందులో ముద్దక్షరాల్లో, ప్రతిపాదన అందినవి కుండలీకరణాల్లో, వివరమైన ప్రతిపాదన లేనివి ప్రశ్నార్థకాల నడుమ కనిపిస్తాయి. ఇక్కడ ఎందరు అడిగారన్న లెక్కకు విలువ తక్కువ. అక్షరాల పట్టిక, పేర్లు, వరుసక్రమం, ముద్రిత ఆధారాలు సమర్పించాలి. ఒకసారి చేర్చిన అక్షరాన్ని తొలగించరు, దాని పేరునూ మార్చరు. ఇతర సాఫ్ట్‌వేర్లలో పొరపాటును తర్వాతి సంచికలో సరిదిద్దుకోవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు కాబట్టే పరిశీలన ఇంత కఠినంగా ఉంటుంది.

ఈ లిపి గురించి నార్మన్ జైడ్ వంటి ముండా భాషావేత్తలు రాసినది ఈ దశలో అక్కరకు వచ్చింది. మైకేల్ ఎవర్సన్ 1999 జనవరిలో తొలి ప్రతిపాదన, 2009 జూన్‌లో సవరించిన ప్రతిపాదన సమర్పించారు. 2012 జనవరిలో వెలువడిన 6.1 సంచికలో 35 సంకేతాలు చేరాయి: 24 అక్షరాలు, ‘మే’ అనే సహాయక వర్ణం, 10 అంకెలు. తొలి ప్రతిపాదనకూ దీనికీ నడుమ 13 ఏళ్లు గడిచాయి. తెలుగులో దంత్య చ, జలకు ఉద్దేశించిన ౘ, ౙల సంగతి ఇందుకు భిన్నం. ఎవర్సన్‌తో కలిసి సురేశ్ కొలిచాల, నాగార్జున వెన్న 2006లో ప్రతిపాదించగా 2008 నాటి 5.1 సంచికలో అవి చేరాయి. భాషా తెలిసి, ప్రతిపాదన రాసే పద్ధతీ తెలిసినవారు తెలుగుకు ఉన్నారు. సవరల తరఫున ఆ పని బయటివారు చేయవలసి వచ్చింది.

సంకేతం లభించాక సంస్థల వంతు త్వరగానే పూర్తయింది. 2012లో వచ్చిన విండోస్ 8లోని నిర్మలా యూఐ ఖతి సవర అక్షరాలను చూపగలిగింది. తర్వాత గూగుల్ నోటో ఖతులలోనూ వాటికి చోటు దక్కింది.

అయితే నెరవేరింది సరిహద్దుకు ఒకవైపు బలంగా ఉన్న కోరిక. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 తర్వాత మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలో సవర వాచకాలు గిడుగు తొలినాటి మార్గంలోనే తెలుగు లిపిలో తయారయ్యాయి. సవరలో ప్రధానమైన కంఠమూలీయ స్పర్శానికి తెలుగు వర్ణమాలలో అక్షరం లేదు. పారసీ, అరబీ ధ్వనుల కోసం వాడే నుక్తా గుర్తు 2021 నాటి 14.0 సంచికలో తెలుగు విభాగంలో చేరింది. దానికి ముద్రిత వాడుక ఆధారంగా నిలిచింది. సవర ధ్వనికి అటువంటి గుర్తు కావాలని అడగాలంటే, ముందుగా వాచకాలలో ఒకే గుర్తును నిర్ణయించి, దానిని పుస్తకం తర్వాత పుస్తకంలో నిలకడగా అచ్చువేసి ఉండాలి. ప్రతిపాదనతో జతచేయవలసిన తొలి పుటలు ఆ వాచకాలవే.