చక్రవర్తిగారి పాము

సుమతీ శతకంలో పామూ చలిచీమల పద్యం మనమంతా చిన్నప్పుడు వల్లించిందే. అచ్చం అలాగే ఒక రోమ్ చక్రవర్తి ఇంట్లోనూ జరిగిందని సూటోనియస్ రాసిన చరిత్రలో చదివి ఆశ్చర్యపోయాను.

ఆ చక్రవర్తి టైబీరియస్. ప్రేమించిన భార్య విప్సానియాని మారుతండ్రి అగస్టస్ మాటకి తలొగ్గి వదిలేశాడు. క్రీ.శ. 23లో కొడుకు డ్రూసస్ పోయాడు. 27 నుంచీ కాప్రీ దీవిలోనే మకాం. క్రూరుడనీ, అనుమానం మనిషనీ పేరు, కాదనను. అటువంటివాడు ఒక పాముని పెంచుకుని తన చేత్తోనే తిండి పెట్టేవాడట! (రోమన్లకి పాము ఇంటికి మంచిది. పాంపే ఇళ్ళలో దేవుడి గూళ్ళ దగ్గర పాము బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి.)

37లో, ఎన్నేళ్ళకో, రోమ్‌కి బయల్దేరాడు. ఏడో మైలురాయి దాకా వచ్చాడు. ఊరి గోడలు కనిపిస్తున్నాయి. అలవాటుగా తిండి పెట్టబోతే ఏముందీ, పాముని చీమలు తినేశాయి! జనం గుంపుతో జాగ్రత్త అని దానికి శకునార్థం. వెంటనే వెనక్కి తిరిగాడు. దారిలో అస్టూరాలో జబ్బుపడి, మార్చి 16న మిసీనమ్‌లో కన్నుమూశాడు. డెబ్భై ఏడేళ్ళు.

శకునం సంగతి రాసిన సూటోనియస్, పాముకేమైందో రాయలేదు. చురుగ్గా ఉన్న పాము చీమలకి దొరుకుతుందా? అంతకుముందే ఏదో జబ్బు చేసి ఉంటుందని నా అనుమానం. చేతిలో తిండి పట్టుకుని నిలబడిపోయిన ఆ ముసలాయన నిజంగా జనానికి భయపడే వెనక్కి తిరిగాడా?

మా చిలక చచ్చిపోయిన రోజు నాన్నగారు ఆఫీసుకి వెళ్ళలేదు. తలనొప్పి అన్నారు.